యాంటీబయాటిక్–స్టెరాయిడ్ కంటి చుక్కలు: సురక్షిత వాడకం

బాక్టీరియాను చంపే యాంటీబయాటిక్‌నూ, వాపును అణచే స్టెరాయిడ్‌నూ ఒకే సీసాలో కలిపి తయారుచేసే కంటి మందులను యాంటీబయాటిక్–స్టెరాయిడ్ చుక్కలు అంటారు. టోబ్రామైసిన్ 0.3 శాతం, డెక్సామెథసోన్ 0.1 శాతం కలిసిన మందు వీటిలో అందరికీ తెలిసినది. మన దేశంలో దానితో పాటు మాక్సిఫ్లాక్సాసిన్–డెక్సామెథసోన్, ఆఫ్లాక్సాసిన్–డెక్సామెథసోన్, గాటిఫ్లాక్సాసిన్–ప్రెడ్నిసొలోన్, మాక్సిఫ్లాక్సాసిన్–లోటెప్రెడ్నాల్ వంటి జంటలు కూడా దొరుకుతాయి. శుక్లం ఆపరేషన్ జరిగిన ఇళ్లలో చాలావాటిలో ఇలాంటి సీసా ఒకటి, సగం వాడి పక్కన పెట్టినది, కనిపిస్తుంది.

డాక్టరు కంటిని పరీక్షించి, ఎన్నాళ్లు వాడాలో చెప్పి ఇచ్చినప్పుడు ఇవి చూపును కాపాడే మందులు. అదే సీసాను ఇంకొకరి కంటికో, ఇంకొక జబ్బుకో, ఎవరూ పరీక్షించకుండా వాడితే చూపు పోయే ప్రమాదం ఉంది. ఎరుపునూ నొప్పినీ తగ్గించడం స్టెరాయిడ్ సహజగుణం. లోపల జబ్బు తగ్గుతున్నా ఆ ఉపశమనం కలుగుతుంది, ముదురుతున్నా కలుగుతుంది. ఈ మందులతో జరిగే నష్టాల్లో ఎక్కువ భాగం ఆ ఉపశమనాన్ని నమ్మడం దగ్గరే మొదలవుతుంది.

సీసాలో ఏముంది

యాంటీబయాటిక్ బాక్టీరియా మీద మాత్రమే పనిచేస్తుంది. టోబ్రామైసిన్, జెంటామైసిన్, నియోమైసిన్ బాక్టీరియా కణంలో ప్రోటీన్ల తయారీని దెబ్బతీస్తాయి. పేరు చివర ‘ఫ్లాక్సాసిన్’ అని ఉండేవి దాని డీఎన్ఏ నకలు కాకుండా అడ్డుకుంటాయి. వైరస్‌ల మీద, ఫంగస్ మీద, మురికినీటిలో బతికే అకాంతమీబా మీద ఈ మందులకు చెప్పుకోదగ్గ పట్టు లేదు.

స్టెరాయిడ్ పని పూర్తిగా వేరు. అది ఏ క్రిమినీ చంపదు. కంటి కణాల్లోకి వెళ్లి, వాపుకు కారణమయ్యే ప్రోస్టాగ్లాండిన్ల వంటి రసాయనాల తయారీని మొదట్లోనే ఆపేస్తుంది. రక్తనాళాలు కుంచించుకుపోతాయి, తెల్లరక్తకణాల రాక తగ్గుతుంది, ఎరుపు విరుగుతుంది. నల్లగుడ్డు మీద మచ్చ పడకుండా ఉండాలంటే ఒక్కోసారి ఇదే కావాలి, ఎందుకంటే క్రిమి చేసే హాని ఒక ఎత్తయితే దాని మీద శరీరం చేసే యుద్ధం వల్ల కలిగే హాని మరో ఎత్తు. కానీ ఆ యుద్ధాన్ని ఆపితే క్రిమిని అదుపు చేసే బాధ్యత మొత్తం యాంటీబయాటిక్ మీద పడుతుంది. ఆ క్రిమి యాంటీబయాటిక్‌కు లొంగని రకమైతే కంటికి రక్షణ ఏ వైపు నుంచీ ఉండదు.

స్టెరాయిడ్లన్నీ ఒకే బలం కలవి కావు. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ ఎసిటేట్ బలమైనవి. ఫ్లోరోమెథలోన్, లోటెప్రెడ్నాల్ కంటి పీడనాన్ని కొంత తక్కువగా పెంచుతాయి, అలాగని అసలు పెంచవని కాదు.

మన మార్కెట్లో ఒక చిక్కు ఉంది. ఒకే కంపెనీ ఉత్త యాంటీబయాటిక్ చుక్కలనూ, స్టెరాయిడ్ కలిపిన చుక్కలనూ దాదాపు ఒకే పేరుతో అమ్ముతుంది. స్టెరాయిడ్ ఉన్నదానికి పేరు చివర ‘డి’, ‘డిఎక్స్’, ‘పి’ వంటి అక్షరం చేరుతుంది. దుకాణంలో ఆ అక్షరం తప్పితే మందే మారిపోతుంది. అందుకే పైన ముద్రించిన వ్యాపార నామాన్ని చూసి వదిలేయకుండా, కింద చిన్న అక్షరాల్లో ఉండే మందుల పేర్లు చదవాలి. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్, లోటెప్రెడ్నాల్, ఫ్లోరోమెథలోన్, డైఫ్లూప్రెడ్నేట్, హైడ్రోకార్టిసోన్: వీటిలో ఏది కనిపించినా ఆ సీసాలో స్టెరాయిడ్ ఉన్నట్టే.

కొద్దిగా చరిత్ర

ఈ జంటలోని రెండు మందులూ ఇంచుమించు ఒకే కాలంలో వైద్యంలోకి వచ్చాయి. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం కీళ్లవాతం రోగికి మొదటిసారి కార్టిసోన్ ఇచ్చింది. ఆ పరిశోధనకు హెంచ్, కెండాల్, రైక్‌స్టైన్ 1950లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. అదే 1948లో, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు సారథ్యం వహించిన లెడర్లీ ప్రయోగశాలల నుంచి ఆరియోమైసిన్ వెలువడింది. టెట్రాసైక్లిన్ వర్గంలో అదే మొదటిది, ఆ వర్గపు కంటి ఆయింట్‌మెంట్లు ట్రకోమా చికిత్సలో దశాబ్దాల పాటు ఉపయోగపడ్డాయి. 1949లో సెల్మన్ వాక్స్‌మన్ ప్రయోగశాల నియోమైసిన్‌ను కనుగొంది.

కార్టిసోన్ కంటికి అద్భుతంగా పనిచేస్తుందన్న సంబరం ఎంతో కాలం నిలవలేదు. స్టెరాయిడ్ చుక్కలు వాడినవారిలో కంటి పీడనం పెరిగి నీటికాసులు (గ్లాకోమా) వస్తున్నాయని బెల్జియం వైద్యుడు జూల్ ఫ్రాన్స్వా 1954లో రాశారు. 1960ల్లో అమెరికాలో మన్సూర్ ఆర్మాలీ, బెర్నార్డ్ బెకర్ ఆరోగ్యవంతుల కళ్లలో వారాల పాటు స్టెరాయిడ్ చుక్కలు వేసి పీడనం కొలిచారు. ఎవరికి ఎంత పెరుగుతుందన్న మన అవగాహనకు ఇప్పటికీ ఆ కొలతలే పునాది.

ఎప్పుడు రాస్తారు

ప్రధానమైన సందర్భం శుక్లం ఆపరేషన్. ఫేకో పద్ధతిలో చేసినా, చిన్న కోతతో చేసినా కంటి లోపల కొంత వాపు తప్పదు. దాన్ని అణచడానికి స్టెరాయిడ్, కోత మానే లోపు క్రిమి చేరకుండా యాంటీబయాటిక్. రెండూ ఒకే చుక్కలో ఉంటే ముసలివాళ్లకు రోజుకు వేసుకోవాల్సిన చుక్కల లెక్క తగ్గుతుంది, ఒక మందు మరచిపోయే అవకాశమూ తగ్గుతుంది. అది నిజమైన సౌకర్యం.

రెప్పల అంచుల్లో తిష్ఠవేసిన స్టెఫిలోకాకస్ బాక్టీరియా వల్ల నల్లగుడ్డు అంచున వచ్చే తెల్లని మచ్చలు, ముదిరిన రెప్పవాపు, కొన్ని రకాల గాయాలు, ఇతర ఆపరేషన్ల తర్వాతి రోజులు కూడా ఈ జాబితాలోకి వస్తాయి. వీటన్నిటికీ ఒక షరతు ఉంది. డాక్టరు స్లిట్ ల్యాంప్ అనే సూక్ష్మదర్శిని ముందు రోగిని కూర్చోబెట్టి, అవసరమైతే పసుపుపచ్చని ఫ్లోరెసీన్ రంగు వేసి, నల్లగుడ్డు మీద పుండు లేదని చూసి ఉండాలి. టార్చిలైటు వెలుతురులో ఆ సంగతి తేలదు.

ఈ జంటమందుల విషయంలో నిపుణుల మధ్య ఒక న్యాయమైన చర్చ నడుస్తోంది. ఆపరేషన్ తర్వాత స్టెరాయిడ్ వారాల పాటు కావాలి, యాంటీబయాటిక్ మాత్రం కొద్ది రోజులు చాలు. ఒకే సీసాలో ఉంటే రెండూ చివరిదాకా సాగుతాయి. పైగా స్టెరాయిడ్‌ను రోజుకు ఆరు, నాలుగు, రెండు, ఒకటి అంటూ తగ్గించేటప్పుడు యాంటీబయాటిక్ కూడా అరకొర మోతాదులో పడుతూ ఉంటుంది, మందుకు లొంగని బాక్టీరియా పెరగడానికి అది అనువైన పరిస్థితి. ఐరోపాలో జరిగి 2020లో ప్రచురితమైన ఒక పరిశీలనలో, లీవోఫ్లాక్సాసిన్–డెక్సామెథసోన్ జంటను ఒక వారం వాడి, మరో వారం డెక్సామెథసోన్ ఒక్కటే వాడినవారు, టోబ్రామైసిన్–డెక్సామెథసోన్ రెండు వారాలు వాడినవారికి ఏమాత్రం తీసిపోకుండా కోలుకున్నారు. మొదటి వారం తర్వాత ఉత్త స్టెరాయిడ్‌కు మార్చడమే మెరుగని ఈ వ్యాసకర్త అభిప్రాయం. డాక్టరు అలా సీసా మార్చి రాస్తే, పాతది ఇంకా మిగిలి ఉంది కదా అని దాన్నే కొనసాగించకూడదు.

నల్లగుడ్డు మీద పుండు

తెలుగు నేల మీద ఈ మందుల దుర్వినియోగం గురించి మాట్లాడితే ముందు పొలం గురించి మాట్లాడాలి. వరి కోతల్లో ఆకు అంచు కోసుకుంటుంది, నూర్పిళ్లలో వడ్లగింజ ఎగిరి కంట్లో పడుతుంది, పాలు పితికేటప్పుడు పశువు తోక విసురుతుంది. నల్లగుడ్డు మీద గీత పడుతుంది. ఆ గీతలోంచి మట్టిలో, పంట చెత్తలో ఉండే ఫ్యుజేరియం, ఆస్పర్‌జిల్లస్ వంటి ఫంగస్ లోపలికి దిగుతుంది. చలిదేశాల్లో నల్లగుడ్డు పుండ్లకు చాలావరకు బాక్టీరియా కారణం. దక్షిణ భారతదేశంలో పరీక్షకు దొరికిన క్రిముల్లో దాదాపు సగం ఫంగసే. మదురైలోని అరవింద్ ఆసుపత్రి 1990ల్లో చేసిన అధ్యయనంలోనూ బాక్టీరియా, ఫంగస్ ఇంచుమించు సమానంగా కనిపించాయి. పాశ్చాత్య పుస్తకాల్లోని సలహాను ఇక్కడ యథాతథంగా పాటించలేకపోవడానికి ఇదే కారణం.

గాయపడిన కూలీ ఆ రోజు పని మానుకోలేడు. సాయంత్రం ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికో, మందుల షాపుకో వెళ్తాడు. అక్కడ చేతికి వచ్చేది తరచుగా స్టెరాయిడ్ కలిసిన చుక్కలే, ఎందుకంటే అవే త్వరగా గుణం చూపిస్తాయి. రెండు మూడు రోజులు నిజంగానే హాయిగా ఉంటుంది. యాంటీబయాటిక్‌కు ఫంగస్ చావదు, స్టెరాయిడ్ వల్ల దాన్ని అడ్డుకునే తెల్లరక్తకణాలు రావు. అది నల్లగుడ్డు పొరల్లోకి, ఒక్కోసారి కంటి లోపలి గది దాకా పాకుతుంది. మళ్లీ నొప్పి మొదలై, నల్లగుడ్డు మీద తెల్లగా కనిపించి, పెద్దాసుపత్రికి చేరేసరికి వారాలు గడిచిపోతాయి. ఫంగస్‌కు వాడే నాటమైసిన్ చుక్కలు లోతు పొరల్లోకి సరిగా ఇంకవు. అయినా 2013లో ప్రచురితమైన, మన దేశంలోనే జరిగిన పెద్ద పరిశీలనలో మరో ఫంగస్ మందు వోరికొనజోల్ కంటే నాటమైసినే మెరుగని తేలింది. అది బాగా పనిచేయాలంటే పుండు పైపైన ఉండగానే రోగి రావాలి. ఆలస్యమైతే మిగిలేవి నల్లగుడ్డుకు చిల్లు పడటం, నల్లగుడ్డు మార్పిడి, లేదా జీవితాంతం కంట్లో పువ్వు.

బాక్టీరియా పుండు అని తేలినచోట కూడా స్టెరాయిడ్ వాడకం జాగ్రత్తగా సాగాల్సిన పనే. అరవింద్ ఆసుపత్రులు, అమెరికా విశ్వవిద్యాలయాలు కలిసి 500 మంది రోగులపై చేసి 2012లో వెలువరించిన పరిశీలనలో, ప్రయోగశాలలో బాక్టీరియా అని నిర్ధారించుకుని, 48 గంటలు మాక్సిఫ్లాక్సాసిన్ వేసిన తర్వాతే స్టెరాయిడ్ మొదలుపెట్టారు. మూడు నెలలకు చూపులో మొత్తం మీద తేడా లేదు, బాగా తీవ్రమైన పుండ్లలో మాత్రం కొంత మేలు కనిపించింది. అంత కట్టుదిట్టం మధ్య అంతే ప్రయోజనం దక్కింది. అందువల్ల కంట్లో ఆకో, పుల్లో, గింజో తగిలి ఎర్రబడితే, పరీక్ష కాకుండా ఈ జంట చుక్కలు వేయకూడదు. ఆకుపసర్లు, చనుబాలు కూడా వద్దు, వాటితో కొత్త క్రిములు చేరతాయి.

హెర్పిస్ అనే వైరస్ ఇంకో ఉచ్చు. అది నల్లగుడ్డు పైపొర మీద చెట్టుకొమ్మల ఆకారంలో సన్నని పుండు వేస్తుంది. కన్ను ఎర్రబడటం, నీరు కారడం, వెలుతురు చూడలేకపోవడం తప్ప బయటికి పెద్దగా తేడా తెలియదు. స్టెరాయిడ్ పడితే ఆ సన్నని గీతలు కలిసిపోయి వెడల్పైన పుండవుతుంది. నల్లగుడ్డు లోపలి పొరలకు హెర్పిస్ వాపు వచ్చినప్పుడు మాత్రం వైరస్ మందు కాపలాలో స్టెరాయిడ్ మేలు చేస్తుందని 1994 నాటి అమెరికా పరిశీలనలు నిరూపించాయి. ఒకే వైరస్, ఒకే కన్ను, రెండు పొరలకు రెండు విరుద్ధమైన సలహాలు. ఒకసారి హెర్పిస్ వచ్చిన కంటికి మళ్లీ రావచ్చు కాబట్టి ఆ సంగతి ప్రతి డాక్టరుకూ చెప్పాలి.

కండ్లకలక

2023 జూలై, ఆగస్టు నెలల్లో తెలుగు రాష్ట్రాలతో పాటు దేశమంతటా కండ్లకలక ఊళ్లకు ఊళ్లను చుట్టేసింది. బడిలో ఒక పిల్లవాడికి వస్తే ఇంటిల్లిపాదికీ అంటుకుంది. ఇలా గుంపుగా వచ్చే కండ్లకలక దాదాపు ఎప్పుడూ వైరస్ వల్లే. చల్లని గుడ్డ పెట్టడం, కన్నీటిని పోలిన తడి చుక్కలు, చేతులు కడుక్కోవడం, తువ్వాలు వేరుగా వాడటం: ఇంతే వైద్యం. వారం రెండు వారాల్లో తనంత తానే తగ్గుతుంది. స్టెరాయిడ్ చుక్కలు వేస్తే మర్నాటికి ఎరుపు విరిగి ఉద్యోగానికి వెళ్లగలిగినట్టు ఉంటుంది. అడెనోవైరస్ ఉన్న కంట్లో మాత్రం స్టెరాయిడ్ వైరస్ నిలిచే రోజులను పెంచుతుంది, అంటే ఇతరులకు అంటించే రోజులు కూడా పెరుగుతాయి. కొందరికి కండ్లకలక తర్వాత నల్లగుడ్డులో చిన్న చిన్న మచ్చలు ఏర్పడి చూపు మసకబారుతుంది. దానికి స్టెరాయిడ్ వాడాల్సి రావచ్చు, అయితే తగ్గించగానే మచ్చలు తిరిగి వచ్చే గుణం ఉంది కాబట్టి ఆ నిర్ణయం డాక్టరుదే.

కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవారి కన్ను ఎర్రబడితే దాన్ని ఎప్పుడూ మామూలు కండ్లకలక అనుకోకూడదు. సూడోమోనాస్ బాక్టీరియా ఒకటి రెండు రోజుల్లోనే నల్లగుడ్డును కరిగించగలదు. అకాంతమీబా నెలల పాటు వేధిస్తుంది. లెన్సు తీసేసి, దాన్ని డబ్బీతో సహా పట్టుకుని అదే రోజు కంటి ఆసుపత్రికి వెళ్లాలి.

పీడనం: నొప్పి లేకుండా జరిగే నష్టం

కంటి లోపలి నీరు నిరంతరం తయారవుతూ, నల్లగుడ్డు అంచున ఉండే జల్లెడ లాంటి కణజాలం గుండా బయటికి పోతూ ఉంటుంది. సాధారణ పీడనం 10 నుంచి 21 మి.మీ. పాదరసం. స్టెరాయిడ్ వారాల పాటు పడితే ఆ జల్లెడ కణాలు మారి, వాటి చుట్టూ పదార్థం పేరుకుని, నీరు పోయే దారి మూసుకుపోతుంది. ఆర్మాలీ, బెకర్ల కొలతల్లో నాలుగు నుంచి ఆరు వారాల వాడకంలో మూడింట ఒక వంతు మందికి పీడనం ఓ మోస్తరుగా పెరిగింది, సుమారు 5 శాతం మందికి 15 మి.మీ. పైగా పెరిగింది. ఇదివరకే నీటికాసులు ఉన్నవారిలో దాదాపు అందరికీ పెరుగుతుంది. తల్లిదండ్రులకో తోబుట్టువులకో నీటికాసులున్నవారు, మధుమేహం ఉన్నవారు, మైనస్ పవరు బాగా ఎక్కువ ఉన్నవారు, పిల్లలు కూడా జాగ్రత్తగా ఉండాలి.

పెరిగిన పీడనం చూపునరాన్ని దెబ్బతీస్తుంది. అది మెల్లగా పెరిగితే నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. ముందు చుట్టుపక్కల చూపు పోతుంది, సూటి చూపు చివరిదాకా బాగానే ఉంటుంది. మందు ఆపితే పీడనం చాలామందిలో కొన్ని వారాల్లో దిగుతుంది, చచ్చిపోయిన నరం మాత్రం తిరిగి రాదు. పది రోజులకు మించి వాడేవారికి పీడనం కొలవాలని ఈ మందుల పత్రాల్లోనే రాసి ఉంటుంది. కొలిచే పరికరం టోనోమీటర్, పట్టే సమయం నిమిషం కూడా ఉండదు. నెలల తరబడి వాడితే కటకం వెనుక భాగంలో శుక్లం కూడా ఏర్పడుతుంది. అది వెలుతురులో చూపును ఎక్కువ మసకబారుస్తుంది, చదవడం కష్టమవుతుంది.

పీడనం వల్ల కలిగే ఈ నష్టానికి అందరికంటే ఎక్కువగా బలయ్యేది పిల్లలు. ఎండాకాలంలో ముదిరే ఒక ఎలర్జీ జబ్బు, వెర్నల్ కెరటోకంజంక్టివైటిస్, వేడి పొడి ప్రాంతాల్లో ఐదు నుంచి పదిహేనేళ్ల పిల్లల్లో, ముఖ్యంగా మగపిల్లల్లో, చాలా కనిపిస్తుంది. కళ్లు విపరీతంగా దురద పెడతాయి, తీగలు సాగే పుసి వస్తుంది. ఎలర్జీ విపరీతంగా ముదిరినప్పుడు డాక్టరు పది పదిహేను రోజులకు స్టెరాయిడ్ చుక్కలు రాస్తాడు, పిల్లవాడు హాయిగా బడికి వెళ్తాడు. వచ్చే ఎండాకాలం తండ్రి పాత చీటీ చూపించి అదే సీసా కొంటాడు. ఆ పై ఏడు చీటీ కూడా అక్కర్లేదు. బిడ్డ బాధ చూడలేక చేసే పని అది, ఆ ప్రేమను తప్పుపట్టలేం. కానీ పిల్లల కళ్లలో పీడనం పెద్దలకంటే త్వరగా, ఎక్కువగా పెరుగుతుంది. తన చూపు పక్కల నుంచి తగ్గుతోందని పదేళ్లవాడు చెప్పలేడు. నల్లబల్ల మీద అక్షరాలు కనబడటం లేదని టీచరు గమనించేసరికి నరం చాలావరకు పోయి ఉంటుంది. ఈ ఎలర్జీకి నెలల తరబడి వాడదగ్గవి వేరే ఉన్నాయి: ఓలోపటడిన్ వంటి ఎలర్జీ చుక్కలు, తీవ్రంగా ఉంటే సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్. వీటిలో ఏదీ స్టెరాయిడ్ కాదు, పీడనం పెంచదు. ఏటా అదే సీసా కొంటున్న ఇళ్లలో బిడ్డకు ఈ వారంలోనే పీడనం కొలిపించాలి.

వేసుకునే తీరు

సీసా నుంచి జారే ఒక చుక్క 30 నుంచి 50 మైక్రోలీటర్లు. రెప్ప వెనుక సంచిలో పట్టేది సుమారు 30. కాబట్టి ఒక్క చుక్క చాలు, రెండోది చెంప మీదికే పోతుంది. కెనడాలో శుక్లం ఆపరేషన్ అయిన 54 మందిని గమనించి 2014లో రాసిన పరిశోధనలో 90 శాతానికి పైగా మంది తప్పుగా వేసుకున్నారు: గురి తప్పారు, సీసా మొన కంటికి తాకించారు, చేతులు కడగలేదు. తమకు బాగానే వచ్చని వారిలో చాలామంది అనుకున్నారు.

చేతులు సబ్బుతో కడిగి, తల వెనక్కి వంచి లేదా పడుకుని, కింది రెప్పను వేలితో మెల్లగా కిందికి లాగితే చిన్న సంచిలా అవుతుంది. పైకి చూస్తూ అందులో ఒక చుక్క వదలాలి. మొన రెప్పకు గానీ, వెంట్రుకలకు గానీ తగలకూడదు. తర్వాత కళ్లు మామూలుగా మూసుకుని, ముక్కు పక్కన కంటి మూలను వేలితో ఒకటి రెండు నిమిషాలు నొక్కి ఉంచాలి. అక్కడి నాళం గుండా మందు ముక్కులోకి, గొంతులోకి జారుతుంది, గొంతులో చేదు తగిలేది అందుకే. నొక్కి ఉంచితే మందు కంట్లో నిలుస్తుంది, రక్తంలోకి వెళ్లేది తగ్గుతుంది, చిన్నపిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. గట్టిగా రెప్పలు బిగించినా, పదే పదే ఆర్పినా మందు బయటికి పోతుంది.

ఒకటికి మించి మందులుంటే మధ్య ఐదు నిమిషాలు విరామం ఇవ్వాలి, ఆయింట్‌మెంట్ ఉంటే అన్నిటికీ చివర. పాలలా తెల్లగా ఉండే మందుల్లో స్టెరాయిడ్ పొడి అడుగున పేరుకుంటుంది. కదపకుండా వేస్తే మొదటి రోజుల్లో నీరు, చివరి రోజుల్లో చిక్కని స్టెరాయిడ్ పడతాయి. ‘బాగా కదపాలి’ అని రాసి ఉంటే ప్రతిసారీ కదపాలి. ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు ఒక చుక్క వేసుకోవాలి, తర్వాతి పూట రెండు వేయకూడదు. ముసలివాళ్ల చేతులు వణుకుతుంటే ఇంట్లో ఒకరు ఈ పని తమదిగా తీసుకోవడం మేలు. మందు వాడుతున్నన్నాళ్లూ కాంటాక్ట్ లెన్సులు పెట్టుకోకూడదు.

నియోమైసిన్ ఉన్న చుక్కలు కొందరికి పడవు. రెండు మూడు రోజుల తర్వాత రెప్పలు ఎర్రబడి, దురదపెట్టి, చర్మం పొక్కులేస్తే మోతాదు చాలలేదనుకుని పెంచుతారు, అది సరిగ్గా వ్యతిరేకమైన పని. అలాంటప్పుడు ఆపి డాక్టరుకు చూపించాలి.

తగ్గించుకుంటూ మానడం

ఆపరేషన్ తర్వాత మన డాక్టర్లు సాధారణంగా రోజుకు ఆరుసార్లతో మొదలుపెట్టి, వారానికోసారి తగ్గిస్తూ, నాలుగు నుంచి ఆరు వారాల్లో మాన్పిస్తారు. చీటీలో తేదీలతో సహా రాసి ఇస్తారు. కన్ను బాగుందని పదో రోజునే టక్కున ఆపేస్తే అణిగి ఉన్న వాపు తిరగబెట్టి, కన్ను ఎర్రబడి నొప్పి రావచ్చు. నొప్పి లేదు కదా అని రెండు నెలలు లాగడం దీనికి రెండో తప్పు. రెప్పవాపు వంటి చిన్న ఇబ్బందికి కొద్ది రోజులు రాసిన చుక్కలను తగ్గించుకుంటూ మానే అవసరం సాధారణంగా ఉండదు, అయినా ఆ మాట చీటీ రాసినవారు చెప్పాలి.

సీసా, లేబులు, చట్టం

స్టెరాయిడ్లు, యాంటీబయాటిక్‌లు 1945 ఔషధ నిబంధనల్లోని షెడ్యూల్ హెచ్ కిందికి వస్తాయి, అంటే రిజిస్టరైన వైద్యుడి చీటీ లేనిదే అమ్మరాదు. ఒంటిపై పూసే మందులకు ఆ షెడ్యూల్ చాలాకాలం మినహాయింపు ఇచ్చింది. యాంటీబయాటిక్ గానీ స్టెరాయిడ్ గానీ ఉన్న కంటి, చెవి, ముక్కు మందులను మాత్రం ఆ మినహాయింపులోంచి ప్రత్యేకంగా తప్పించింది. చర్మానికి వేసే పూతకంటే కంట్లో వేసే చుక్కను చట్టం ఎక్కువ ప్రమాదకరంగా చూసిందన్నమాట. పెట్టె మీద ఎడమవైపు నిలువుగా ఉండే ఎర్రగీత, చీటీ లేనిదే అమ్మరాదనడానికి గుర్తు. అమలు మాత్రం చట్టమంత గట్టిగా లేదు. చీటీ అడగకుండా ఇచ్చే దుకాణాలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి, ఇది తక్షణం మారవలసిన విషయం.

కంటి చుక్కల లేబులు మీద మరికొన్ని మాటలు కూడా నిబంధనల ప్రకారమే ఉంటాయి: తెరిచిన నెలలోపు వాడాలి, మొనను దేనికీ తాకించకూడదు, మంట ఎక్కువైతే ఆపి డాక్టరును కలవాలి. పెట్టె మీది గడువు తేదీ మూత తెరవని సీసాకు మాత్రమే. తెరిచిన రోజున పెన్నుతో తేదీ రాసిపెట్టుకుని, నెల కాగానే పారేయాలి. చుక్కల మందులో క్రిములు పెరగడం ఊహ కాదు. 2023లో అమెరికాలో ఒక రకం తడి చుక్కల వల్ల సూడోమోనాస్ వ్యాపించి, 81 మందికి సోకి, 14 మంది చూపు కోల్పోయారు, నలుగురు చనిపోయారు. ఆ మందు మన దేశంలోనే తయారైంది. సీసాను ఎండ తగిలే కిటికీలో, కారులో ఉంచకూడదు. ఒకరి సీసా ఇంకొకరు వాడకూడదు. చెవి చుక్కలను ఎట్టి పరిస్థితుల్లోనూ కంట్లో వేయకూడదు.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు

చుక్కలు వాడుతుండగా చూపు తగ్గినా, నొప్పి పెరిగినా, నల్లగుడ్డు మీద తెల్లని చుక్క కనిపించినా, వెలుతురు చుట్టూ రంగుల వలయాలు కనబడినా అదే రోజు కంటి డాక్టరును చూడాలి. ఆపరేషన్ అయిన మొదటి రెండు వారాల్లో నొప్పి, ఎరుపు, చూపు మసకబారడం కలిసి వస్తే అది కంటి లోపలి ఇన్ఫెక్షన్ కావచ్చు, దానికి ప్రతి గంటా విలువైనదే. రాత్రి అయిందని తెల్లవారేదాకా ఆగకూడదు.

వెళ్లేటప్పుడు ఇంతవరకు వాడిన సీసాలన్నీ, ఖాళీవైనా, మందుల షాపు ఇచ్చినవైనా, సంచిలో వేసుకుని తీసుకెళ్లాలి. ‘ఏవో చుక్కలు వేశాం’ అన్న మాటతో డాక్టరుకు పని జరగదు. అందులో స్టెరాయిడ్ ఉందని తెలిస్తే పీడనం కొలుస్తారు, పైకి చిన్నదిగా కనిపించే పుండును కూడా అనుమానించి గీకి పరీక్షకు పంపుతారు, ఫంగస్ కోసం ప్రత్యేకంగా చూస్తారు. అడగకుండా కొన్నందుకు డాక్టరు కోప్పడతారేమోనని చాలామంది ఆ సీసాను ఇంట్లోనే వదిలి వస్తారు. ఎవరు ఏమనుకున్నా దాన్ని బల్లమీద పెట్టాలి.